ఏరెయ్యాల్నా, విడిచిపెట్టాల్నా

రామనాథపురం జిల్లా, సముద్రం ఒడ్డు
2024 మార్చి 4

పెదనాయనకు, పెద్దమ్మకు రంజిత నమస్కారాలు.

పోయిన ఆదివారం ఫోన్ చేసి మీ పక్క వానలు పడినాయా అని అడిగితే "ఆఁ, భోంచేసినా" అన్నావు. పక్కన పెద్దమ్మ నవ్వేది నాకు బాగా వినబడింది. చెవి మిషను గుయ్యిమంటాదని పెట్టెలో పెట్టి బీగం వేసినావంట. సరే, ఇంగ ఫోను మనకు పని కాదు, జాబులే రాసుకుందాము. నేను చిన్నప్పుడు సెలవలకు మీ ఇంటికొచ్చి తిరిగి బాగేపల్లికి పోతే, నువ్వు వారం తిరగకముందే కార్డు రాస్తాంటివి గదా. ఆ అలవాటు మళ్ళ పట్టుకో.

మనం కన్నడ అక్షరాల్లో తెలుగు రాసేది చూసి నా రూములో ఉండే తమిళ పిల్ల ఇది ఏ భాష అని అడిగింది. మా ఇంటి భాష అని చెప్పినా.

నువ్వు ఊర్లో అందరికీ "మా తమ్ముని కూతురు సముద్రంలో చేపలు చూస్తాండాది" అని చెప్తాండావంట. చేపలు కాదు పెదనాయనా, స్పంజిలు. స్పంజి ఒక ప్రాణి. కండ్లుండవు, నోరుండదు, కాళ్ళుండవు. పుట్టిన కొత్తలో రోంత ఈది, ఒక రాయి పట్టుకొని కూర్చుంటే బతికినన్నాళ్ళూ అక్కడే. ఒళ్ళంతా చిన్న చిన్న రంధ్రాలు. వాటిలోనుంచి నీళ్ళు లోపలికి పీల్చి, తిండి పట్టుకొని, పైన పెద్ద రంధ్రంలోనుంచి వదుల్తాది. సముద్రాన్ని జల్లెడ పట్టేది ఇదే అనుకో.

ఇప్పుడు సముద్రం కాగుతాండాది. అది చాలదని, మన బండ్లూ ఫ్యాక్టరీలూ వదిలే పొగలో ఉండే గ్యాసును తాగి తాగి రోంత రోంత పులుస్తాండాది. సోడాలో పట్టే గ్యాసే అది. ఇట్ల కాగి, పులిసిన నీళ్ళలో స్పంజిలు ఎట్ల బతుకుతాయి, ఏవి బతుకుతాయి అని చూసేది నా పని. నేనూ, నాకు పని నేర్పే మేడమూ కలిసి మూడు తొట్లు పెట్టినాము. ఒకదాంట్లో మామూలు నీళ్ళు, ఒకదాంట్లో పులుపు నీళ్ళు, ఒకదాంట్లో వేడి, పులుపు రెండూ. ఆ మూడోదాన్ని మేము వేడి తొట్టి అంటాము. నా ప్రాణమంతా దాని మీదనే ఉండాది.

యాల అంటే చెప్తా. పగడాల దగ్గరనుంచి ఈ స్పంజిలు తెచ్చుకొనేదానికి మాకు అనుమతి ఒక్కసారికే ఇచ్చినారు. మళ్ళ తెచ్చేదానికి లేదు. జులైలో పెద్దవాళ్ళ కమిటీ వస్తాది. వేడి తొట్టిలో ఏవి నిలబడినాయి, ఎట్ల నిలబడినాయి అని చూపిస్తే నన్ను ఇంకా రెండేండ్లు ఇక్కడ ఉంచుతారు. లేదంటే నా సీటు ఇంకొకరికి. నాకు ఈ పని తప్ప ఇంకేదీ చేయాలని లేదు పెదనాయనా.

మీ పట్టుపురుగులు ఎట్ల ఉండాయి? జవాబు రాయి.

నీ రంజిత

కెంచార్లహళ్ళి
మార్చి 15

అమ్మా రంజితా,

నీ జాబు చేరింది. రెండుసార్లు నాకు నేను చదువుకొన్నా, ఒకసారి మీ పెద్దమ్మకు గట్టిగా చదివి వినిపించినా. ఎంత గట్టిగా అంటే వీధి చివర అంగట్లో కూర్చున్న తిమ్మక్క వచ్చి "రంజితకు ఏమైంది, యాల అట్ల అరుస్తాండావు" అని అడిగింది. చెవిటోని చదువు అట్లే ఉంటాది.

స్పంజి అంటే గిన్నెలు తోమేది అని మీ పెద్దమ్మ అనుకొనింది. దానికి ప్రాణం ఉంటాదని విన్నప్పటినుంచి తన పచ్చ స్పంజిని పిండేటప్పుడు "అయ్యో పాపం" అంటాండాది. అది వేరే, ఇది వేరే అని నేను చెప్తే ఆమె నమ్మదు. నువ్వే రాయి.

సముద్రం పులుస్తాదంటే నాకు రెండు రోజులు అదే ఆలోచన. ఉప్పుగా ఉండేది పులిస్తే ఊరగాయ అవుతాది గానీ ఇంకేమవుతాది? పులుపుకు సున్నం విరుగుడు. తట్టల్లో తేమ ఎక్కువైతే మనం పురుగుల మీద సున్నం పొడి చల్లుతాము గదా, అట్ల ఒక లారీ సున్నం వేయించమని మీ మేడంకు చెప్పు.

తమాషా చాలు. ఒక ముఖ్యమైన మాట చెప్తా, గుర్తు పెట్టుకో. ఎండాకాలం వచ్చేసింది. వేడి ఎక్కువైతే పురుగుకు పాలరోగం వస్తాది. ఒళ్ళు ఉబ్బి మెరిసి, ముట్టుకొంటే పాల మాదిరి నీళ్ళు కారతాయి. అట్లాంటి పురుగు తట్టలో ఒకటి ఉంటే చాలు, ఆ నీళ్ళు తగిలిన ఆకు తిన్నవన్నీ పోతాయి. దానికి మందు లేదు. కనబడిన గడియలోనే ఏరి సున్నం నీళ్ళలో వెయ్యాల. రేపు చూద్దాములే, తేరుకుంటాదేమో అని జాలిపడితే తట్ట మొత్తం పోతాది. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు. నీ తొట్టిలో కూడా ఏదన్నా రంగు తిరిగితే, జారితే, మెత్తబడితే ఆలోచించొద్దు. ఏరెయ్. మిగతావి నిలుస్తాయి.

ఇక్కడ మల్బరీ తోట బాగుండాది. బోరు నీళ్ళు తగ్గినాయి గానీ ఈ పంటకు చాలుతాయి. మీ అన్న అమరనాథ్ కొత్తగా డ్రిప్ పైపులు వేసినాడు.

నీ పెదనాయన
గోవిందప్ప

రామనాథపురం జిల్లా
మార్చి 30

పెదనాయనా,

ముందు పెద్దమ్మకు: గిన్నెలు తోమే స్పంజి ఫ్యాక్టరీలో చేసింది, దానికి నొప్పి లేదు, బాగా పిండుకో.

సున్నం మాట నువ్వు తమాషాకు రాసినా దాంట్లో నిజం ఉండాది. పులుపు దెబ్బ మొదట తగిలేది సున్నంతో ఇల్లు కట్టుకొనేవాటికే. పగడాలు, గవ్వలు, ఆలుచిప్పలు. మా స్పంజిల్లో శానావాటికి లోపల సున్నం ఉండదు. గాజు సూదుల మాదిరివి, నార మాదిరిది ఉంటాయి. అందుకని పులుపును బాగానే ఓర్చుకుంటాయి. ఒక జాతి అయితే పగడపు రాయిని తొలిచి లోపల కాపురం పెడతాది. నీళ్ళు పులిసేకొద్దీ దానికి తొలిచేది సులభం. పగడానికి చావు, దానికి పండగ.

స్పంజిని పడేసేది వేడి. దాని ఒళ్ళులో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లు కోట్లు ఉంటాయి. దానికి తిండి అందించేది, మురికి తీసేది శానామటుకు అవే. నీళ్ళు ఓర్చుకోలేనంత కాగితే ముందు ఆ కాపురం చెదిరిపోతాది, తరువాత స్పంజి.

మా వేడి తొట్టిలో అదే మొదలైంది. పోయిన వారం ఒకటి మచ్చలు మచ్చలుగా తెల్లబడింది. రంధ్రాలన్నీ మూసుకొని నీళ్ళు పీల్చేది మానేసింది. పైన చర్మం జిగటగా జారిపోతాంది. మేడం కొచ్చికి మీటింగుకు పోయిండాది. పోతా పోతా "నల్లబడి కంపు కొడితేనే తీసెయ్" అని చెప్పింది. కంపు ఇంకా లేదు. నేను ఒక పూటంతా ఆ తొట్టి దగ్గర నిలబడుకొన్నా. రూముకొస్తే మేజా మీద నీ జాబు. మళ్ళ చదివినా. ఆలోచించొద్దు, ఏరెయ్ అని ఉండాది.

ఏరేసినా పెదనాయనా. మరుసటి రోజుకు ఇంకో రెండు తెల్లబడినాయి, వాటినీ తీసేసినా. తరువాత మిగతావి కూడా అదే దారి పడితే వాటినీ ఏరేసినా. ఆ తొట్టిలో ఏడు ఉండె, ఆరు పోయినాయి. పైపు వెనకాల సందులో ఉండే ఒకటే మిగిలింది. నేను చూసినంతలో దానికి మచ్చ లేదు. తొట్టి కడిగి కొత్త నీళ్ళు పెట్టినా. చేతులు సబ్బుతో కడుక్కుంటా నీ పురుగుల ఇల్లే గుర్తుకొచ్చింది. బాధగా ఉండాది గానీ, ఆ ఒక్కదాన్నన్నా కాపాడుకొన్నా అని ధైర్యం.

నీ రంజిత

కెంచార్లహళ్ళి
ఏప్రిల్ 12

అమ్మా రంజితా,

ఉగాది బాగా జరిగింది. ఒబ్బట్లు చేసినాము. నీ వంతు అమరనాథ్ తిన్నాడు.

నీ జాబు చదివినాక నేను నేల మీద నిలవలేదు. పక్క తోట తిమ్మరాయప్పను పిలిచి చెప్పినా, పాలు పోసే చోట నలుగురికీ చెప్పినా. కెంచార్లహళ్ళి గోవిందప్ప మాట సముద్రం దాకా పోయింది అని. తిమ్మరాయప్ప "సముద్రంలో కూడా రేష్మె పురుగులుండాయా" అని అడిగినాడు. వానికి ఏం చెప్పేది, చెవులుండీ చెవిటోడు.

ఆరు పోయినాయని బాధపడొద్దు. ఏరేసేదానికి గుండె కావాల. శానామందికి ఉండదు. అది నీకు ఉండాదని నాకు సంతోషం. ఆ మిగిలింది చాలు, నువ్వు గెలుస్తావు.

ఇక్కడ పిల్ల పురుగులు నిన్ననే తెచ్చినాము. రెండోసారి చర్మం వదిలి, రెండో జ్వరం లేచిన పురుగులు, మంచి చురుకుగా ఉండాయి. ఎండ మాత్రం చెప్పనలవి కాదు. మన పక్క ఇంత ఎండ నేను పుట్టి చూడలేదు. కిటికీలకు తడి గోనెపట్టలు కట్టినాము, మిద్దె మీద కొబ్బరి మట్టలు పరిచి పొద్దున, మాపటికి నీళ్ళు కొడతాండాము. మీ పెద్దమ్మ గోడ మీద థర్మామీటరును దేవుని పటం మాదిరి చూస్తాండాది.

నీ పెదనాయన
గోవిందప్ప

రామనాథపురం జిల్లా
ఏప్రిల్ 19

పెదనాయనా,

నీ జాబు నిన్న వచ్చింది. దాన్ని చదివి ఏడ్చినా. నువ్వు అంత సంతోషపడి రాసినావు, ఇక్కడ సంగతి వేరేగా ఉండాది.

మేడం కొచ్చినుంచి వచ్చినాక ఇద్దరం పైపు విప్పి, వెనకాల ఉండే స్పంజిని బయటికి తీసి చూసినాము. నాకు కనబడిన పక్క బాగుండాది. గోడ వైపు తిరిగిన పక్కంతా తెల్లబడి, పైన చర్మం జారిపోయిండాది. కానీ జారిపోయిన చోట కింద కొత్త చర్మం, ఇటుక రంగుది, లేతది. చిన్న చిన్న రంధ్రాలు కూడా తెరుచుకొనిండాయి. నేను రంగు నీళ్ళు ఒక చుక్క పక్కన వదిలితే పీల్చి పైనుంచి వదిలింది. బతికే ఉండాది.

అర్థమైందా పెదనాయనా? మన పురుగు జ్వరానికి కూర్చుంటే ఏం చేస్తాది? తినేది మానేసి, తల ఎత్తుకొని కదలకుండా ఉండి, పాత చర్మం వదిలేసి లేస్తాది. అప్పుడు మనం దాన్ని ముట్టుకోము, ఆకు వేయము, పక్కన గట్టిగా మాట్లాడనియ్యవు నువ్వు. ఈ స్పంజి కూడా అట్ల ఏదో చేసింది. వేడి తగిలిన పై చర్మాన్ని వదిలేసి, రంధ్రాలు మూసుకొని, లోపల మిగిలిన దాన్నుంచి మళ్ళ కట్టుకొనింది. నేను చావనుకొని ఏరేసిన ఆరూ, అన్నీ కాకపోయినా కొన్నయినా, ఇదే చేస్తాండి ఉంటాయి. నేను ఆగలేదు.

మేడం అరవలేదు. అరిచి ఉంటే బాగుండు. నేను ఎట్ల ఏరేసినానో, ఎవరిని తలచుకొని ఏరేసినానో అన్నీ చెప్పేసినా. "కంపు కొట్టినాక అని చెప్పినా గదా" అని మాత్రం అనింది. మామూలు తొట్టిలో ఉండేవాటిని ఇప్పుడు మెల్లగా కాచి చూసేదానికి జులై లోపల టైము చాలదు. ఒక్క స్పంజిని చూపించి కమిటీ ముందర ఏం చెప్పేది అని ఆమెకూ తెలీడంలేదు.

నీ తప్పు కాదు. నువ్వు పురుగు గురించి చెప్పినావు, నేను స్పంజికి పెట్టుకొన్నా. నాకు ఇప్పుడు ఒకటే తోస్తాండాది. మనం శానా తొందరపడతాము. నిదానమే ప్రధానం అని కూడా పెద్దోళ్ళే అన్నారు గదా. రంగు తిరిగిందంతా రోగం కాదు. ముట్టుకోకుండా విడిచిపెడితే, తనకు తాను లేచేది ఉంటాది.

రంజిత

కెంచార్లహళ్ళి
మే 2

అమ్మా,

నీ జాబు వచ్చిన రోజు పురుగులు నాలుగో జ్వరం లేచి నాలుగు దినాలు. ఆకు పరపర తింటాండాయి. ఆ పొద్దున్నే ఒక తట్టలో కొన్ని పురుగులు మెరుస్తా, తట్ట అంచుల మీద తిరుగుతా కనబడినాయి. నా చెయ్యి దానికదే సున్నం నీళ్ళ బేసిన్ వైపు పోయింది. అప్పుడే పోస్టుమాన్ వచ్చినాడు.

నీ జాబు చదివినాక చెయ్యి ఎనక్కి తీసుకొన్నా. ముప్పై ఏండ్లనుంచి ఏరేస్తాండాను గదా, దాంట్లో ఎన్ని బతికేటివో, ఎన్నిటికి నేను యముడైనానో అని మనసు పీకింది. అంత చదువుకొన్న పిల్ల రాసింది, ఒకసారి విని చూద్దాము అనుకొన్నా. మీ పెద్దమ్మ "యాల ఏరడం లేదు" అని అడిగితే "నిదానమే ప్రధానం" అని చెప్పినా. ఆమె నా నుదురు ముట్టుకొని చూసింది, నాకే జ్వరం వచ్చిందేమో అని.

మూడు దినాలకు అయిపోయింది. తట్ట మొత్తం, పక్క తట్ట, ఆ పైన ఇంట్లో ఉండేదంతా. పురుగులు గూడు కట్టేదానికి వెదురు చంద్రికలు కడిగి ఎండకు పెట్టింటిమి. వాటి మీదకు ఒక్క పురుగు ఎక్కలేదు. అన్నీ గుంత తీసి సున్నం పోసి పూడ్చినాము. అమరనాథ్ నాతో రెండు దినాలు మాట్లాడలేదు. మాట్లాడినా నాకు వినబడదు అనుకో.

కోపంతో రాయడం లేదు. నిన్న తోటలో కూర్చొని ఒక్కన్నే నవ్వుకొన్నా. నా మాట విని నువ్వు కొంప ముంచుకొన్నావు, నీ మాట విని నేను కొంప ముంచుకొన్నా. మన వంశంలో ఇట్లాంటోళ్ళు ఇంకొకరు లేరు. ఒక పంట పోతే ఇంకో పంట వస్తాది, నాకేమీ కాదు. నీది అట్ల కాదు. నీకు మళ్ళ తెచ్చుకొనేదానికి లేదు. అది తలచుకొంటే నాకు అన్నం దిగడంలేదు.

ఒకటి మాత్రం నిర్ణయం చేసుకొన్నా. ఇంగ నేను ఎవరికీ ఏమీ చెప్పను. నోరు కట్టుకొంటా.

గోవిందప్ప

రామనాథపురం జిల్లా
మే 11

పెదనాయనా,

పంట పోయిందని చదివినా. నేను పురుగుల గురించి ఒక్క మాట రాయలేదు గదా, స్పంజి గురించే రాసినా గదా అని నీ మీద కోపం వచ్చింది. మళ్ళ చూసుకొంటే నేను చేసిందీ అదే. ఎవరిని ఏమనేది. అమరనాథన్నకు నేను వేరేగా రాస్తాండాను.

ఇక్కడ ఒక దారి కనబడింది, అదే నాకు భయం. స్పంజికి ఒక గుణం ఉండాది. మల్బరీ కడ్డీని ముక్కలు కోసి నాటితే ఒక్కొక్క ముక్కా చెట్టవుతాది గదా, అట్లే స్పంజిని కోస్తే ఒక్కొక్క ముక్కా ఒక స్పంజి అవుతాది. మిగిలిన ఆ ఒక్కదాన్ని కోసి, ముక్కలకు గాయం మానినాక మళ్ళ వేడి పెట్టి, చర్మం వదిలేసి లేచే గుణం నిజంగా ఉండాదా అని చూపిద్దాము అంటాండాది మేడం. ఇది ఒకసారి వేడి చూసింది గదా, కొత్తవాటిని కాచినంత టైము దీనికి పట్టదంట. అది సరే. కానీ అది ఇప్పుడిప్పుడే కోలుకొంటాండాది. కోత తట్టుకోలేక పోతే ఇంగ నా దగ్గర ఏమీ ఉండదు. కోయకుండా పెట్టుకొంటే కమిటీకి చూపించేది ఏమీ ఉండదు.

మేడం నన్నే కోయమంది. కత్తి పట్టుకొని పోయి రెండుసార్లు ఎనక్కి వచ్చేసినా. పోయినసారి తొందరపడినా, ఈసారి చెయ్యే లేవడంలేదు.

కోయమని గానీ వద్దని గానీ నువ్వు చెప్పొద్దు. నేను అడగను కూడా. పురుగుల ఇల్లు ఇప్పుడు ఖాళీగానే ఉంటాది గదా, బ్లీచింగ్ వేసి కడిగి ఆరబెట్టినాక ఒకసారి రా పెదనాయనా. వచ్చి పక్కన నిలబడు, అది చాలు.

నీ రంజిత

కెంచార్లహళ్ళి
జూన్ 2

అమ్మా రంజితా,

నీ దగ్గరనుంచి క్షేమంగా ఊరు వచ్చి చేరినా. బెంగళూరులో రైలు దిగి, చింతామణి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మీ మేడం ఇచ్చిన ఎండు చేపలను మీ పెద్దమ్మ వాకిట్లోనే ఆపేసి తిమ్మక్కకు ఇచ్చేసింది. మేడంకు చెప్పొద్దు. మంచి ఆడమనిషి. ఆమె తమిళంలో అరుస్తాంటే, నేను తెలుగులో అరుస్తాంటి, ఇద్దరికీ అన్నీ అర్థమైనాయి.

అక్కడ నేను యాల ఏమీ మాట్లాడలేదని బస్ స్టాండులో నువ్వు అడిగినావు. పెదనాయనకు నచ్చలేదేమో అనుకొన్నావంట. ఇప్పుడు చెప్తా. నువ్వు ఆ ఇటుక రంగు ప్రాణిని నీళ్ళలోనే అరచేతిలో పెట్టుకొని కత్తి తీసినప్పుడు నా నాలుక దురద పెట్టింది. రోంత కిందకు, రోంత వాలుగా, కడ్డీ కోసినట్టు కొయ్ అని చెప్పాలని. టవలు నోట్లో పెట్టుకొన్నా. మీ మేడం చూసి, నాకు నీళ్ళ వాసన పడలేదు అనుకొని కుర్చీ తెప్పించింది.

నువ్వు కోస్తాంటే నేను కత్తి చూడలేదు, నీ మొకం చూసినా. భయం ఉండె, కానీ చెయ్యి నిలకడగా ఉండె. ఒక్కొక్క ముక్కనూ రాయికి దారంతో కట్టి తొట్టిలో దించేటప్పుడు నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఎండు చేపల ఘాటు అని చెప్పినా. అది అబద్ధం.

కొత్త పిల్ల పురుగులు కావాలని చెప్పి వచ్చినా. వానలు మొదలైనాయి, రోంత చల్లబడింది. ముక్కలు ఎట్ల ఉండాయో రాయి.

నీ పెదనాయన

రామనాథపురం జిల్లా
జులై 14

పెదనాయనా,

కమిటీ వచ్చి పోయింది. అది చివర చెప్తా, ముందు ముక్కల సంగతి.

కోసినాక ముక్కలన్నీ గాయం మాన్పుకొన్నాయి. వేడి పెట్టినాక మళ్ళ తెల్లబడేది మొదలైంది. రెండు ముక్కలు మిగతావాటికంటే ముందే మెత్తబడి జిగటగా అయినాయి. ఏరెయ్యాల్నా, విడిచిపెట్టాల్నా అని అదే ప్రశ్న. ఈసారి నేను రెండూ చేయలేదు. వాటిని తీసి వేరే గంపంత టబ్బులో, అదే వేడి నీళ్ళలో పెట్టినా. మిగతావాటికి వాటి నీళ్ళు తగలకుండా, వాటికి టైము ఉండేట్టు. ఒకటి నల్లబడి కంపు కొట్టింది, పారేసినా. రెండోది చర్మం వదిలేసి కొత్త చర్మంతో లేచింది. పెద్ద తొట్టిలో ఉండేవి ఒకటి తప్ప అన్నీ లేచినాయి. వాటి లోపల సూక్ష్మజీవుల కాపురం కూడా ముందు మాదిరి కాకుండా రోంత మారిందని మేడం పరీక్ష చేయించింది. వేడికి ఓర్చుకొనేవి ఎక్కువైనాయేమో, ఇంకా చెప్పలేము. ఒక తల్లి ముక్కలను చూసి సముద్రంలో ఉండే స్పంజిలన్నీ బతుకుతాయి అనేదానికీ లేదు. ఎండలు ఇట్లే పెరిగితే ఇవి కూడా ఎన్నిసార్లు చర్మం వదిలి లేస్తాయో తెలీదు.

కమిటీలో ఒక సారు, తెల్ల గడ్డం ఆయన, మిగతా ఆరు ఏమైనాయి అని సూటిగా అడిగినాడు. నా పొరపాటుతో పోయినాయి, బతికేటివేమో తెలుసుకొనేలోపల తీసేసినా అని చెప్పినా. ఆయన కండ్లద్దాలు తీసి నన్ను చూసినాడు. ఇంగ అయిపోయింది అనుకొన్నా. సాయంత్రం మేడం వచ్చి చెప్పింది. రెండేండ్లు కాదు, ఒక ఏడాది ఇచ్చినారు. ఒక ఏడాదిలో ఇంకా చూపించాల. నాకు చాలు. నేను ఇక్కడే ఉంటాను.

పెదనాయనా, ఒక మాట మనసులో తిరుగుతాండాది. మన మాటలు మనకు నష్టమే తెచ్చినాయి. నీ పంట పోయింది నావల్ల, నా స్పంజిలు పోయినాయి నీ మాటతో. ఇంగమీద జాబుల్లో క్షేమ సమాచారాలు రాసుకుందాము, సలహాలు మానేద్దామా?

నీ రంజిత

కెంచార్లహళ్ళి
జులై 25

అమ్మా రంజితా,

ఏడాది ఇచ్చినారని చదివి మీ పెద్దమ్మ చక్కెర పొంగలి చేసింది. నేను రెండుసార్లు పెట్టించుకొన్నా.

ముందు నా తప్పు చెప్తా. నీ జాబు వచ్చినప్పుడు మళ్ళ నాలుగైదు పురుగులు మెరుస్తా కనబడినాయి. నువ్వు చేసినట్టు నేను కూడా చేస్తానని వాటిని వేరే తట్టలో పెట్టి, వేరే గదిలో పెట్టి, వేళకు ఆకు వేసినా. అన్నీ చచ్చినాయి. ఒక్కటి లేవలేదు. పురుగు పురుగే, స్పంజి స్పంజే, ఇంగ నాకు అనుమానం లేదు. మంచివి మాత్రం చంద్రికల మీదకు ఎక్కి గూళ్ళు బాగా కట్టినాయి. రేపు శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టుకు తీసుకొని పోతాండాము.

ఇంగ నువ్వు అడిగినదానికి జవాబు. సలహాలు మానేద్దామా అని అడిగినావు.

చెవులు పోయినప్పటినుంచి నన్ను ఎవరూ ఏమీ అడగరు తల్లీ. అడగాలంటే అరవాల, వాళ్ళకు కష్టం. అమరనాథ్ మంచోడే, ఏ మందు కొట్టాలన్నా ఫోను చూసి కొడతాడు. తిమ్మరాయప్ప నేను మాట్లాడితే తల ఊపుతాడు, అంతే. మీ పెద్దమ్మ నన్ను చూసుకొంటాది, అడగదు. అట్లాంటిది, నువ్వు అంత దూరంలో, అంత చదువుకొని, పక్కన మేడం చెప్పిపోయిన మాట ఉన్నా నా జాబు మళ్ళ చదివి నీళ్ళలో చెయ్యి పెట్టినావు. అది తప్పు మాట. ఆరు ప్రాణాలు పోయినాయి, నీ సీటు పోవాల్సింది. ఆ బాధ నాకు పోదు. అయినా ఒకటి దాచుకోకుండా చెప్తా. నా మాట ఒకరు విన్నారు అని తెలిసిన రోజు నేను రాత్రి అన్నం తినకుండా పడుకొన్నా, కడుపు అంత నిండుగా ఉండె.

అందుకని మానొద్దు. అడుగు, నేను చెప్తా. తప్పు చెప్పినా చెప్తా. నువ్వు మాత్రం వినేముందు మీ మేడంను ఒక మాట అడుగు.

నీ పెదనాయన
గోవిందప్ప